మరమ్మతుకు వచ్చిన తాతయ్య

మనిషికి కష్టం వస్తే పక్కన ఇంకో మనిషి కూర్చోవడం అనే అలవాటు ఈ లోకంలో చాలాకాలం ఏ అనుమతీ లేకుండా సాగిపోయింది. ఎవరు పడితే వాళ్లు కూర్చున్నారు. ఎంతసేపు పడితే అంతసేపు కూర్చున్నారు. అడిగిన నాథుడు లేడు. ఈ అడ్డగోలుతనాన్ని ఒక దారికి తేవడానికే ఆసరా కేంద్రం వెలిసింది. రెండంతస్తుల మేడ, లేత నీలం రంగు. గుమ్మం పైన ‘మీరు ఒంటరి కారు’ అని పెద్ద అక్షరాలు. దాని కింద చిన్న అక్షరాల్లో ‘ఒక్కొక్కరుగా లోపలికి రండి’ అని.

కుర్చీలు బాగుచేసే తాతయ్య మూడో తరగతి దాకా చదివాడు కాబట్టి ఆ రెండు ముక్కలూ కూడబలుక్కుని చదివాడు. చదివి, మనవరాలి వెనకే లోపలికి నడిచాడు. భుజాన పనిముట్ల సంచి ఉంది. అది లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్లడు.

మనవరాలికి ఇరవయ్యారేళ్లు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. నెల కిందట ఆ దుకాణం మేనేజరు, సరుకు చూడాలని వెనకగదిలోకి పిలిచి, తలుపేసి, ఆమెను బలాత్కరించాడు. ఈ సంగతి ఆమె ఇప్పటికి ఈ కేంద్రంలోని నాలుగు కిటికీల దగ్గర నాలుగుసార్లు మొదట్నుంచీ చెప్పింది. (మూడుసార్లూ ఒకేలా చెప్పిందని మూడో కిటికీలో అనుమానపడ్డారు. నాలుగోసారి ఒక మాట అటూ ఇటూ అయిందని నాలుగో కిటికీలో అనుమానపడ్డారు.) మేనేజరుని మాత్రం ఒక్కసారే అడిగారు. చేశావా అన్నారు, లేదండీ అన్నాడు. శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి ఇంటికి పంపారు.

ఈరోజు ఐదోసారి. అసలైనది ఇదేనట. పెద్ద అధికారిణి ముందు చెప్పాలి, ఆవిడ టైపు చేసుకుంటుంది. పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడు మనవరాలు చెప్పులేసుకుంటూ ఒకటే అంది. “తాతా, నువ్వు గదిలో ఉంటేనే చెప్తాను. లేదంటే వెనక్కి వచ్చేస్తాను.”

తాతయ్య తలూపాడు. విరిగిన కుర్చీ తెచ్చినవాళ్లని, ఎలా విరిగింది, ఎవరు కూర్చున్నారు, అలా ఎందుకు కూర్చున్నారు అని ఆయన నలభై ఏళ్లలో ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. మనవరాలినీ అడగలేదు. ఆమె గది తలుపుకి లోపలివైపు కొత్త గడియ బిగించి, ఆ నెలంతా ఆ గడప పక్కనే కూర్చుని పని చేసుకున్నాడు. అంతే.

కేంద్రంలో తోడు వచ్చినవాళ్లకి వేరే కిటికీ ఉంది. అక్కడి గుమాస్తా ఒక పుస్తకం లాంటిది బయటికి తోశాడు.

“తోడు ఫారం. పదకొండు పేజీలు. కొట్టివేతలు ఉండకూడదు పెద్దాయనా.”

బాధితురాలికి మీరేమవుతారు? తాతయ్య ‘తాత’ అని రాశాడు. ఆ రోజు ఆమెను బయటికి ఎందుకు పంపారు? ‘పనికి’ అని రాశాడు. మీరు ఆమెకు ఇంతవరకు చెప్పిన ఓదార్పు మాటలను, యాభైకి తగ్గకుండా, రాయుము. ఇక్కడ ఆయన చాలాసేపు ఆలోచించి ‘ఉన్నాను’ అని రాశాడు.

గుమాస్తా కళ్లజోడు నుదుటి మీదకి ఎత్తాడు. “ఒక్కటే ఉందేంటండీ? ఇంకా నలభై తొమ్మిది కావాలి.”

“అంతే అన్నాను.”

“ధైర్యంగా ఉండు అనలేదా? జరిగిందేదో జరిగింది, మర్చిపో అనలేదా? పదిమందికీ తెలిస్తే బాగుండదు అనైనా అనలేదా?”

“లేదు.”

“మరి మీరేం తోడండీ బాబూ!”

“మా తాతకి ఏడాది మొత్తానికీ యాభై మాటలేనండీ,” అంది మనవరాలు. “ఈ ఏడాది కోటా పొదుపుగా వాడుతున్నాడు.” నెల రోజుల్లో ఆమె నోట అలాంటి మాట రావడం అదే మొదలు. తాతయ్య కలం కింద పెట్టి ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ ఫారం వైపు తిరిగాడు.

ఫారం అక్కణ్ణించి ఓదార్పు నాణ్యతాధికారి దగ్గరికి వెళ్లింది. ఆయన చాలా మంచివాడు. గొంతు పెంచకుండా మెత్తగా మాట్లాడతాడు.

“తోడును మేమెంతో ప్రోత్సహిస్తామండీ. అందుకే తోడు వచ్చినవారికి పై అంతస్తులో ప్రత్యేకంగా గది కట్టించాం. సోఫాలున్నాయి, చేపల తొట్టి ఉంది. మీ అమ్మాయి కింద గదిలో చెబుతున్నంతసేపూ పైన తెర మీద ‘మీవారు చెబుతున్నారు’ అని పడుతూ ఉంటుంది.”

“పక్కన కూర్చుంటాను,” అన్నాడు తాతయ్య.

“అదొక్కటే కుదరదు. పదిహేడో నిబంధన. గదిలో తోడు మనిషి నిట్టూర్చినా సరే, సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టే.” (ఈ నిబంధన రాకముందు ఒక తల్లి నిట్టూర్చిందట. దాని మీద విచారణ ఇంకా నడుస్తోంది.)

మనవరాలు లేచి నిలబడింది. “పద తాతా, పోదాం.”

“మీ ఇష్టం అమ్మా. ఎవరి బలవంతమూ లేదు,” అన్నాడు నాణ్యతాధికారి. “వెళ్లిపోతే స్వచ్ఛందంగా విరమించుకున్నారని రాసి ఫైలు మూసేస్తాం. దానికి పెద్ద ఫారం కూడా ఉండదు. ఒక్క సంతకం.”

ఆ కాగితం అప్పటికే బల్ల మీద ఉంది. కలం మూత కూడా తీసి ఉంది.

తాతయ్య కాగితాన్ని చూడలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి వాంగ్మూలం గదిలోకి చూస్తున్నాడు. అక్కడ, చెప్పేవాళ్ల కోసం వేసిన కుర్చీకి వెనక కాలి కింద మడతపెట్టిన కాగితాలు దోపి ఉన్నాయి.

“ఆ కుర్చీ ఊగుతుంది,” అన్నాడు.

నాణ్యతాధికారి గొంతు మొదటిసారి వణికింది. “నాలుగేళ్లుగా ఊగుతోందండీ! పదహారు అర్జీలు పెట్టాం. మరమ్మతు మనిషి రాడే!”

“నేను మరమ్మతు మనిషినే.”

మరమ్మతుల పుస్తకం తెచ్చారు. నింపాల్సింది ఒక్కటే వరుస. ఏం పని? ‘కుర్చీ.’ ఎంతసేపు? ‘పట్టినంతసేపు.’ ఓదార్పు మాటలు అడగలేదు. బంధుత్వం అడగలేదు. మరమ్మతు సిబ్బంది ఏ గదిలోకైనా, ఏ వేళలోనైనా వెళ్లవచ్చునట. నిట్టూర్చవచ్చు కూడా.

గదిలో అధికారిణి టైపు మిషను నుంచి తలెత్తింది. “ఈయనెవరు?”

“మరమ్మతు,” అన్నాడు తాతయ్య. ఆవిడ మళ్లీ ఆయన వైపు చూడలేదు.

ఆయన కుర్చీ తిరగేసి, దుమ్ము ఊది, అతుకులో జిగురు పెట్టి నిలబెట్టాడు. “దీంట్లో ఎవరైనా కూర్చోవాలి. బరువుంటే అతుకు పట్టుకుంటుంది.”

“నేను కూర్చుంటాలెండి,” అంది మనవరాలు, ముక్కూమొహం తెలియని మనిషితో అన్నట్టు. ఆయన నేల మీద చతికిలబడి కుర్చీ వెనక కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

“మొదట్నుంచీ చెప్పమ్మా,” అంది అధికారిణి.

చెప్పింది. వెనకగది దాకా గడగడా చెప్పింది. తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“ఊఁ, తర్వాత?”

కుర్చీ వణకడం మొదలుపెట్టింది. అతుకు గట్టిగానే ఉంది. తాతయ్య పట్టు ఇంకాస్త బిగించాడు.

“ఇంకా ఆరలేదు,” అన్నాడు నేల చూస్తూ. “తొందరేం లేదు.”

అధికారిణి గడియారం చూసి విసుక్కుంది. “ఎంతసేపయ్యా?”

“పట్టినంతసేపు.”

కొంతసేపటికి వణుకు తగ్గింది. మనవరాలు తలుపు దగ్గర్నుంచి ఎత్తుకుని చివరిదాకా చెప్పింది. గంటా నలభై నిమిషాలు. ఆ జిగురు ఆరడానికి పావుగంట చాలు.

అధికారిణి నివేదిక చదివి వినిపించింది. ‘వాంగ్మూలం పూర్తి. బాధితురాలికి తోడుగా ఎవరూ రాలేదు. కుర్చీ పరిస్థితి: సంతృప్తికరం.’ తాతయ్యకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

“మూడు నెలలయ్యాక రావాలమ్మా. అప్పటికి నేను బదిలీ అయిపోతాను. కొత్తావిడకి మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి,” అని అధికారిణి కాఫీకి లేచింది.

నలభై ఏళ్లలో తాతయ్య చేతిలో పడిన కుర్చీ ఏదీ మళ్లీ మరమ్మతుకి రాలేదు. ఆయనకున్న గొప్పల్లా అదొక్కటే. మనవరాలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుండగా, ఆయన సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, కుర్చీ ముందు కాలి స్క్రూని మూడు చుట్లు వదులు చేశాడు.

నెలకొక చుట్టు.