పెండింగు శూన్యం

కాలువ నీటి ఫిర్యాదులు వినడానికి శ్రీకాకుళంలో పెట్టిన జల సంతృప్తి కేంద్రంలో ఒక్క ఫిర్యాదు కూడా పెండింగులో లేదు. ఈ ఘనత సాధించినందుకు డైరెక్టరు జగన్నాధంగారికి శాలువాలు కప్పారు. అక్కడ రైతుల ఫోన్లకు జవాబు చెప్పేది మనిషి కాదు, కంప్యూటరు. గొంతు మహా మర్యాదగా ఉంటుంది. ఎవరు ఫోన్ చేసినా, "మొదటిసారి ఫిర్యాదు చేస్తున్నందుకు అభినందనలు" అంటుంది.

ఆ ప్రోగ్రాం బాగోగులు చూడటానికి నెల్లిమర్ల నుంచి ఝాన్సీ కొత్తగా చేరింది. రికార్డింగులు వింటుంటే దాలమ్మ అనే రైతు గొంతు పదేపదే వినిపించింది. ఆమె పొలం కోటబొమ్మాళి దగ్గర. కాలువ తూము తలుపు విరిగి మడి మునిగింది.

"నిన్న సెప్పినాను, మొన్న సెప్పినాను. మల్లీ మొదటిసారంటావేటి? నారు కుల్లిపోతన్నాది బాబూ."

"అభినందనలు," అంది కంప్యూటరు.

ఝాన్సీ ప్రోగ్రాం తెరిచి చూసింది. ఫోన్ వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం అందులోని ఫంక్షన్ అనే చిన్న ఆదేశాల కట్టను పిలుస్తుంది. అది లేస్తూనే ఫిర్యాదుల లెక్క సున్నా అనుకుంటుంది, ఒకటి కలుపుతుంది, పని ముగియగానే ఆ ఒకటితో సహా మాయమవుతుంది. మరో పిలుపుకు మళ్లీ పసిబిడ్డలా పుడుతుంది. అందుకే ప్రతి ఫిర్యాదూ మొదటిదే, పెండింగు ఎప్పుడూ సున్నాయే. పోయేముందు ఆ లెక్కను ఎక్కడైనా దాచాలన్న సంగతి రాసినవాళ్లకు తట్టలేదు. కాలేజీ పిల్లలు మొదటి ఏడాదిలో చేసి, తిట్లు తిని దిద్దుకునే తప్పు ఇది. ఇక్కడ దీనికి సన్మానాలు జరిగాయి.

ఝాన్సీ లెక్కను ఫంక్షన్ బయట, రైతు పేరు మీద భద్రపరిచింది. ఒక్క పూట పని. ఆ తర్వాత దాలమ్మ రెండోసారి ఫోన్ చేసినప్పుడు కంప్యూటరు, "దాలమ్మగారూ, ఈ సంగతి మీరు నిన్న కూడా చెప్పారు. ఇంకా ఏ చర్యా తీసుకోలేదు" అంది.

"ఇన్నాల్లకి ఓ మనిసిని కూకోబెట్టినారు," అని దాలమ్మ సంతోషించింది.

తెరమీద పెండింగు గడి మాత్రం నిండిపోయింది. జగన్నాధంగారు ఝాన్సీని పిలిపించారు.

"నువ్వు రాకముందు మనకు సమస్యలే లేవమ్మా."

"ఉన్నాయి సార్. ప్రోగ్రాం మర్చిపోయేది."

"మర్చిపోవడం కాదు. పాత కోపాలేవీ మనసులో పెట్టుకోకుండా ప్రతి రైతునూ ప్రతిరోజూ కొత్తగా ఆదరించడం. దీన్నే సుపరిపాలన అంటారు."

"తూము బాగుచేస్తే లెక్క దానంతటదే తగ్గుతుంది సార్."

"తూము వేరే శాఖ. లెక్క మన శాఖ."

ఝాన్సీ ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. తను రాసింది తనే తుడిచేసింది. మర్నాడు దాలమ్మకు మళ్లీ అభినందనలు అందాయి. ఆ రికార్డింగు చివరిదాకా వినలేక ఝాన్సీ ఆపేసింది. నారు కుళ్లిపోయింది.

కొన్నాళ్లకు దాలమ్మ ఊళ్లోనే రైతు సభ పెట్టారు. ఝాన్సీ మైకులు చూసే నెపంతో వెళ్లి దాలమ్మ పక్కన కూర్చుంది. జగన్నాధంగారు లేచారు.

"సోదర సోదరీమణులారా, ఈ తూము సమస్య ఈరోజే నా దృష్టికి వచ్చింది. తక్షణం చర్యలు చేపడతాం."

ఝాన్సీ దాలమ్మ వైపు వంగింది. "ఈయన ఈ మాట ముందెప్పుడైనా చెప్పారా అమ్మా?"

"నిరుడూ సెప్పినాడు. ఆ ముందేడు కూడా ఇక్కడే సెప్పినాడు."

"మరి అడగవేం?"

"ఇప్పుడు కొత్తగా సెప్తన్నాడు కదమ్మా. ఈపాలి సేస్తాడేటో," అని దాలమ్మ చప్పట్లు కొట్టింది. సభంతా కొట్టింది. పక్కవాళ్లు చూస్తున్నారని ఝాన్సీ కూడా కొట్టింది.

మీరూ ఆ సభలోనే ఉన్నారు. గుర్తు లేకపోతే కంగారు పడకండి. మొదటిసారి చప్పట్లు కొట్టినందుకు మీకూ అభినందనలు చెప్పే పంపారు.