రెండు గదులు, ఆరు కార్డులు

రామచందర్ ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి గన్‌ఫౌండ్రీలోని ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళి ఓడ ఖర్చులకు తన కార్డు రాయించాలి. పదకొండింటికి ఆబిడ్స్‌లోని తన సూట్‌కేసుల దుకాణానికి వెళ్ళి తాళాలు గుమాస్తా బిచ్చయ్యకు అప్పగించాలి. పన్నెండింటికి నాంపల్లిలోని ఇంటికి చేరి నాలుగు ముద్దలు తినాలి. మధ్యాహ్నం భార్య ప్రభావతితోనూ, వియ్యంకుడు జగన్మోహనరావు దంపతులతోనూ కలిసి నాంపల్లి స్టేషన్లో ముంబై రైలెక్కాలి. ముప్పై అయిదేళ్ళుగా ఊరందరికీ ప్రయాణాల పెట్టెలు అమ్మిన మనిషి తనకోసం ఒక పెట్టె సర్దుకోవడం ఇదే మొదలు.

ఓడ ప్రయాణం పిల్లల కానుక. కొడుకు శ్రావణ్, కోడలు హైందవి కలిసి రెండు వైపుల అమ్మానాన్నలకూ చెరొక గది తీసి, టికెట్లు చేతిలో పెట్టారు. టికెట్లో గదీ, మూడు పూటల భోజనమూ ఉన్నాయి. మంచి కాఫీ, మాలిషు, ఓడలోని దుకాణాలు మాత్రం సొంత ఖర్చు. ఓడలో నగదు చెల్లదు. ఏది కొన్నా గది తాళం చూపిస్తే ఆ గది పేరున రాసుకుంటారు. ప్రయాణం ముగిశాక మొత్తాన్ని ఆ గదికి ముందే రాయించిన బ్యాంకు కార్డు నుంచి లాగేసుకుంటారు. ఒక గదికి ఒకే కార్డు. అయితే రెండు గదులకూ ఒకే మనిషి తన కార్డు రాయించుకోవచ్చు. ఈ చివరి మాట చదివినప్పుడు రామచందర్‌కు ప్రాణం లేచి వచ్చింది.

దానికి కారణం ఉంది. పిల్లల పెళ్ళయి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో వియ్యంకులిద్దరూ కలిసి తిన్న ఏ హోటల్లోనూ రామచందర్ బిల్లు కట్టలేకపోయాడు. జగన్మోహనరావు బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. చేతులు కడుక్కుంటానని లేచి, దారిలో కౌంటర్ దగ్గర డబ్బు కట్టేసి, తడి చేతులతో ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చేవాడు. ఒకసారైతే రామచందర్ ఇంకా ఏం తినాలో చెబుతుండగానే బిల్లు చెల్లిపోయింది. మొన్నటికి మొన్న, రామచందర్ ఇరవై ఏళ్ళుగా చాయ్ తాగుతున్న ఇరానీ హోటల్లో, అతణ్ణి పేరుపెట్టి పిలిచే యజమానే, అతని కళ్ళముందే జగన్మోహనరావు దగ్గర డబ్బు తీసుకున్నాడు. ఆ దెబ్బకు రామచందర్‌కు రెండు రోజులు అన్నం సయించలేదు. పిల్లనిచ్చిన వాళ్ళకు ఒక్క చాయ్ తాగించలేడని అతణ్ణి ఎవరూ అనలేదు. అతనే రోజుకు నాలుగుసార్లు అనుకునేవాడు.

"ఓడల చేతులు కడుక్కునే కథ నడవది," అన్నాడు ఆ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "రెండు గదులూ నా కార్డు మీదనే. బావగారు ఎన్ని కాఫీలు తాగినా బిల్లు నాకే వస్తది."

"రానియ్యున్రి. పన్నెండింటికి మాత్రం ఇంట్ల ఉండాలె. రైలు మనకోసం ఆగది," అంది ప్రభావతి, పులిహోర డబ్బాకు మూత బిగిస్తూ.

ట్రావెల్స్ ఆఫీసులో స్నేహ అనే అమ్మాయి ఈ పనులు చూస్తుంది. రామచందర్ తన కార్డును రెండు చేతులతో బల్లమీద పెట్టి సంగతి చెప్పాడు. ఆమె కంప్యూటర్ చూసి నసిగింది.

"అంకుల్, రెండు గదులకూ కార్డు ఆల్రెడీ ఉన్నది."

"ఎవరిదమ్మా?"

"జగన్మోహనరావు సార్‌ది. నిన్న సాయంత్రం వచ్చి పెట్టించిన్రు. మీకు చెప్పొద్దన్నరు," అని నాలుక కరుచుకుంది.

రామచందర్ కుర్చీలో కూలబడ్డాడు. ఓడ ఇంకా ముంబైలో ఉంది, బావగారు అప్పుడే చేతులు కడిగేసుకున్నారు.

"తీసెయ్ బిడ్డా. నాది పెట్టు."

"తీసేది ఏం లేదంకుల్. ఎవరిది లాస్టుకు పెడ్తే అదే ఉంటది. కాకపోతే పెట్టినప్పుడల్లా ఓడోళ్ళు గదికి ఇరవై వేలు ఆపి పెట్టుకుంటరు, తర్వాత వదుల్తరు. మార్చినట్టు రెండు గదులోళ్ళకూ మెసేజ్ పోతది."

రామచందర్ మొదటి వాక్యం వరకే విన్నాడు. కార్డు మార్పించి, ఛాతీ విరుచుకుని ఆబిడ్స్ వైపు నడిచాడు. పెద్ద పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. రెండు గదులకూ కార్డు మళ్ళీ మారిందని మెసేజ్. జగన్మోహనరావు ఇంట్లో వాలుకుర్చీలోంచి లేవకుండా, ఫోన్లోనే తన రెండో కార్డు పెట్టేశాడు.

దుకాణం సంగతి మరచి రామచందర్ వెనక్కి తిరిగాడు. స్నేహ ఈసారి ఏమీ అడక్కుండానే చేయి చాచింది. అతని రెండో కార్డు కూడా రెండు గదులకూ ఎక్కింది. మళ్ళీ బయటకు వచ్చి ఒక చాయ్ చెప్పుకుని, ఫోన్ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ మోగనే మోగింది, అయితే ఈసారి బ్యాంకు నుంచి.

"సార్, ఒక విదేశీ ఓడ కంపెనీకి గంటలోపల మీ రెండు కార్డుల నుంచి నలభై వేల చొప్పున డబ్బు వెళ్ళింది. అది మీరు చేసిందేనా?" అని అడిగింది ఒక ఆడగొంతు, ఎంతో మర్యాదగా.

ఈమధ్య ఎవరికి ఫోన్ చేసినా, అవతలివాళ్ళు ఎత్తేలోపల, మోసగాళ్ళున్నారు జాగ్రత్త అని రామచందర్‌కు వినిపిస్తూనే ఉంది. పైగా విదేశమన్నారు, నలభై వేలన్నారు. గదికి ఇరవై వేలు ఆపుతారని స్నేహ చెప్పిన ముక్క అతని చెవిన పడితే కదా.

"చూడమ్మా, నాకు ఓడల్లేవు, పడవల్లేవు. నీ అసొంటోళ్ళను మస్తు చూసిన."

"అంటే అది మీరు చేయలేదంటారా సార్?"

"నేనెందుకు చేస్తా? సూట్‌కేసులు అమ్ముకునెటోణ్ణి," అని ఫోన్ పెట్టేశాడు. మోసం నుంచి తప్పించుకున్న సంతోషంలో ఇంకో చాయ్ తాగాడు. బ్యాంకు వాళ్ళు తమ ధర్మం ప్రకారం అతని రెండు కార్డులనూ ఆపేశారు.

అదే సమయానికి జగన్మోహనరావుకు కూడా ఫోన్ వచ్చింది. అది ఆయన ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన బ్యాంకే. ఆయన కాబట్టి వెంటనే పెట్టేయలేదు. పదకొండు నిమిషాలు మాట్లాడాడు. "నాయనా, నేను ఆ బ్యాంకులో బ్రాంచి మేనేజరుగా చేశాను. మావాళ్ళు ఇలా ఫోన్లు చెయ్యరు. నీకు చదువుంది, మంచి గొంతుంది, ఈ పాడు పని మానెయ్," అని హితవు చెప్పాడు. అవతలి కుర్రాడు అంతా విని, ధన్యవాదాలు చెప్పి, ఆయన రెండు కార్డులనూ ఆపేశాడు.

పన్నెండున్నరకు ఓడ కంపెనీ నుంచి ఇద్దరికీ ఒకే మెసేజ్ వచ్చింది. మీ రెండు గదులకూ చెల్లే కార్డు లేదు, కార్డు లేనిదే గది తాళం ఇవ్వం, తాళం లేనిదే ఓడ ఎక్కనివ్వం అని దాని సారాంశం. తన కార్డును బావగారే తీయించేశారని రామచందర్ అనుకున్నాడు. ఇంత పంతం పనికిరాదని జగన్మోహనరావు కూడా అనుకున్నాడు. ఇద్దరూ ట్రావెల్స్ ఆఫీసు గుమ్మంలో ఎదురుపడ్డారు.

"మీరా బావగారూ. ఇంత ఎండలో ఎందుకొచ్చారండీ? నేను చూసుకునేవాణ్ణి కదా," అన్నాడు జగన్మోహనరావు, నవ్వు చెదరకుండా.

"అయ్యో, మీరెందుకు తక్లీఫ్ తీసుకున్నరు బావగారు. నేను పొద్దుగాల్నుంచి గీన్నే ఉన్న," అన్నాడు రామచందర్, అంతకంటే పెద్దగా నవ్వుతూ.

లోపల స్నేహ తల పట్టుకుని కూర్చుంది. "ఇద్దరివీ నాలుగు కార్డులూ బ్లాకైనయ్. బ్యాంకోళ్ళు ఫోన్ చేసిన్రా?"

"బ్యాంకోళ్ళు కాదు, దొంగలు చేసిన్రు," అన్నాడు రామచందర్.

"నాకూ చేశాడమ్మా ఒక దొంగ. బాగా బుద్ధి చెప్పాను," అన్నాడు జగన్మోహనరావు.

ఆ మాట పూర్తయ్యాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఒంటిగంటన్నరకు గుమ్మం ముందు రెండు ఆటోలు ఆగాయి. మొగుళ్ళు ఫోన్లెత్తకపోయేసరికి ప్రభావతి, జగన్మోహనరావు భార్య వెంకటరత్నమ్మ సామానంతా వేసుకుని నేరుగా వచ్చేశారు. జరిగినదంతా స్నేహే చెప్పింది. మగవాళ్ళిద్దరూ గోడమీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డారు.

"గా బిల్లు ఎవరు కడ్తేంది?" అంది ప్రభావతి. "ముందుగాల ఓడ ఎక్కాలె గదా. పక్కింటోళ్ళందరికీ చెప్పుకుంటి. ఇప్పుడు ఎట్ల పోవాలె ఇంటికి?"

రామచందర్ తల దించుకున్నాడు. ఒక చాయ్ బాకీ తీర్చుకుందామనుకున్నవాడు నలుగురి ప్రయాణాన్నీ నడిరోడ్డు మీద ఆపాడు.

వెంకటరత్నమ్మ బాలికల బడిలో లెక్కల టీచరుగా చేసింది. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు పెంచదు, ప్రశ్నలు అడుగుతుంది. "ఇంకా చెల్లే కార్డులు ఎన్ని ఉన్నాయి?"

రామచందర్ దగ్గర పెట్రోలుకు వాడే కార్డు ఒకటి మిగిలింది. జగన్మోహనరావు దగ్గర మందులకు వాడేది ఒకటి. రెండిటికీ ముప్పై వేలే పరిమితి. అంటే ఒక కార్డు ఒక గదినే మోయగలదు.

"అయితే బావగారి గదికి నాది పెట్టు బిడ్డా," అన్నాడు రామచందర్.

"వద్దమ్మా, బావగారి గదికి నాది పెట్టు," అన్నాడు జగన్మోహనరావు.

"మరి మీ మీ గదుల సంగతి?" అని అడిగింది స్నేహ. ఆ మాట ఇద్దరూ ఆలోచించినట్టు లేదు.

"ఆలోచించే పని లేదు," అంది వెంకటరత్నమ్మ. "అన్నయ్యగారి కార్డు మా గదికి రాయమ్మా. మావారి కార్డు వాళ్ళ గదికి రాయి. ఒకరి ఖర్చు ఒకరు పెట్టుకుంటారు. గోల వదిలిపోతుంది. ఇక నడవండి."

వియ్యంకులిద్దరూ చేతులు కలుపుకున్నారు. ఎవరికి వారు గెలిచినట్టే అనిపించింది. నాంపల్లి స్టేషన్‌కు ఆటోలు ఎగిరిపడుతూ వెళ్ళాయి. ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతుంటే, రామచందర్ స్వయంగా ఏరి తెచ్చుకున్న సూట్‌కేసు చక్రం ఊడిపోయింది. దాన్ని భుజాన వేసుకుని, ఏడేళ్ళ గ్యారంటీ ఉందని అందరికీ చెబుతూ రైలెక్కాడు.

గెలుపులో ఉన్న మెలిక రామచందర్‌కు ఓడలో మొదటి కాఫీ దగ్గర తెలిసింది. తన గది తాళం చూపిస్తే ఖర్చు బావగారి మీద పడుతుంది. మళ్ళీ బావగారి డబ్బుతో చాయ్ తాగినట్టే. తాళం జేబులో పెట్టేసుకుని వచ్చేశాడు. తను తాగకపోయినా ఫరవాలేదు, బావగారు తాగితే చాలు. ఆ బిల్లు తనది.

కానీ జగన్మోహనరావు కూడా సరిగ్గా అదే ఆలోచించి తాళం జేబులో పెట్టుకున్నాడు.

"బావగారు, గా కాఫీ వాసన చూడున్రి. ఒక్కటి తాగున్రి, మీ తాళం చూపిస్తే అయిపోతది."

"నాకు పడదండీ బావగారూ, కడుపులో మంట. మీరు తాగండి, నేను చూసి ఆనందిస్తాను."

"నాకు డాక్టర్ వద్దన్నడు."

ఇలా వాళ్ళిద్దరూ నాలుగు రోజులూ ఊరికే దొరికే మంచినీళ్ళు తాగుతూ, పై అంతస్తులో గుండ్రంగా తిరిగారు. మూడో రోజుకు రామచందర్ నిజంగానే డీలా పడ్డాడు. "ఒక్క రూపాయన్న ఖర్చు పెడ్తలేడు ప్రభా. గీ మనిషికి నేను ఎన్నడు పెట్టాలె?" అన్నాడు మంచం అంచున కూర్చుని.

ప్రభావతి జాలిగా చూసింది తప్ప ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆమె దగ్గర కొంచెం ఉంది.

మొదటి రోజే ఆడవాళ్ళిద్దరూ ఓడలోని దుకాణానికి వెళ్ళారు. ప్రభావతి ఒక ముత్యాల దండ మెడకు పెట్టుకుని చూసి, తీసి పక్కన పెట్టేసింది.

"ఏం వదినగారూ, నచ్చలేదా?"

"నచ్చింది వదినా. మా తాళం చూపిస్తే అన్నయ్య మీద పడ్తది గదా. మంచిగుండదు."

వెంకటరత్నమ్మ రెండు క్షణాలు ఆలోచించింది. "అయితే నేను మా తాళం చూపిస్తాను. మా గది ఖర్చు అన్నయ్యగారి కార్డుకే కదా వెళ్ళేది. మీ ముత్యాలకు మీ డబ్బే పోతుంది. నాకేదైనా నచ్చితే మీరు మీ తాళం చూపించండి, అది మావారికి పడుతుంది. ఎవరి ఋణమూ ఎవరికీ ఉండదు."

ప్రభావతి వేళ్ళమీద ఒకసారి లెక్క వేసుకుని, "ఔ వదినా, సరిగ్గనే ఉన్నది," అని దండ మళ్ళీ మెడలో వేసుకుంది. వీధి నిండా ముత్యాల దుకాణాలున్న ఊరినుంచి వెళ్ళి సముద్రం మధ్యలో ముత్యాలు కొన్నామని వాళ్ళకు తట్టకపోలేదు. దండ పెట్టె అడుగున హైదరాబాదు అని చిన్న అక్షరాల్లో రాసి ఉందని కూడా చూశారు. చూసి, పడీపడీ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ తలకు మాలిషు చేయించుకున్నారు, మర్నాడు కాళ్ళకు కూడా. వెంకటరత్నమ్మ ఒక చేతిగడియారం కొనుక్కుంది. మొగుళ్ళు గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ వాళ్ళు కిటికీ పక్కన కూర్చుని రకరకాల కాఫీలు తాగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంత హాయిగా నాలుగు రోజులు గడిపింది లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

తిరుగు రైలు నాంపల్లిలో ఆగిన పొద్దున, ప్లాట్‌ఫారం మీద దిగుతుండగా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. జగన్మోహనరావు గది ఖర్చు కింద రామచందర్ కార్డు నుంచి ఇరవై ఎనిమిది వేల ఆరు వందలు పోయాయి. రామచందర్ గది ఖర్చు కింద జగన్మోహనరావు కార్డు నుంచి ఇరవై ఏడు వేల తొమ్మిది వందలు పోయాయి.

రామచందర్ ఆ అంకెను మూడుసార్లు చదివాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావగారు మొహమాటపడి తన ఎదుట వద్దన్నా, చాటుగా తన డబ్బు ఖర్చు పెట్టారు. పైకి అంటే చిన్నబుచ్చుకుంటారని ఏమీ అనకుండా వెళ్ళి గట్టిగా కౌగిలించుకున్నాడు. జగన్మోహనరావు కూడా అదే అనుకుని, ఏమీ అనకుండా, అంతకంటే గట్టిగా కౌగిలించుకున్నాడు. కూలీలు వాళ్ళ చుట్టూ తిరిగి దాటుకుని పోయారు.

ఆటోలో రామచందర్ బిల్లు మొత్తం తెరిచి పైకి చదివాడు. "ముత్యాల దండ. తలకు మాలిష్. కాళ్ళకు మాలిష్. కాఫీలు పదకొండు. బావగారు మీ వదినెకు ఏం తక్కువ చెయ్యలే ప్రభా. అంత నా పైసలతోనే. రెండేండ్లకు నా ఇజ్జత్ నిలబెట్టిండు."

ప్రభావతి కొంగు తీసి మెడ చుట్టూ నిండా కప్పుకుని, "ఔ, మంచి మనిషి," అంది.