రెండు ముక్కుపుడకల దయ్యం

పదిన్నర బస్సుకు ఉడుమలైపేట వెళ్లి, అక్కడి తెలుగు పిల్లలకు తన కొత్త పుస్తకం చదివి వినిపించాలని, ఆ ఉదయం లోకేశ్వరి ఇడ్లీలు త్వరగా దించేసింది. ఎదిగే పిల్లల మీద దయ్యం కథలు రాస్తుందని ఆంధ్రాలో ఆమెకు పేరు. తమిళనాడులో, కినత్తుకడవులోని ఇంట్లో మాత్రం అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే గాని, తెలుగు అక్షరం చదవగలవాళ్లు ఇంకెవరూ లేరు. అయినా భర్త దురైసామి, "ఆమె రాసేది మొదట చదివేది నేనే" అని కొబ్బరి మండీ అంతా చెప్పుకుంటాడు.

అత్త వల్లియమ్మాళ్ అట్టమీది బొమ్మ చూసింది. ఆకుపచ్చ చీరలో ముసలామె, ముక్కుకు అచ్చం తనలాగే రెండు వైపులా పుడకలు.

"సామీ, చదివి చెప్పు. ఈ దయ్యం నేనేనా?"

చదవడం రాదని ఒప్పుకోవడం కన్నా తల్లిని దయ్యం చేయడమే దురైసామికి సులువైంది. పేజీ తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"ఆమామ్మా, అవును, నువ్వే. కానీ మంచి దయ్యం."

"బతికుండంగానే దయ్యం చేసిందా! కర్పగానికి ఫోన్ వెయ్యిరా!"

పళనికి బయలుదేరిన ఆడపడుచు కర్పగం పొల్లాచ్చిలో బస్సు దిగి వెనక్కి వచ్చేసింది. "నన్నేం చేసింది అన్నా?" తల్లికి తోడుండాలి కదా అని ఆమెనూ దయ్యం చేశాడు. కబురు విని వచ్చిన ఇద్దరు చిన్నత్తలూ దయ్యాలే అయ్యారు. వాళ్లతో వచ్చిన చిన్నమామను మాత్రం, ఆయనకు చేయి చేసుకునే అలవాటుందని గుర్తొచ్చి, పూజారిగా ఉంచాడు. లోకేశ్వరి నోరు తెరిచినప్పుడల్లా, "నువ్వుండు, చదివినోడు చెప్తా ఉండాడు" అన్నారు.

"ఇంక ఈ ఇంట్లో రాసేది వద్దు," అని అత్త తేల్చేసింది.

లోకేశ్వరి పుస్తకం లాక్కుని, గుమ్మంలో నిలబడి కథంతా చదివింది. పదమూడేళ్ల పిల్ల వెంట పడే దయ్యం ఆ పిల్ల ఎనిమిదేళ్లప్పటి రూపమే. పొట్టయిపోయిన గౌను చూపించి, నన్నెందుకు వదిలేశావని అడుగుతుంది. చిన్నమామ కళ్లు తుడుచుకున్నాడు. అట్టమీది ముసలామె వేరుశనక్కాయలు అమ్ముతుంది. ఆమెకు ఉన్నది ఒక్క వాక్యం.



"అంటే నేను లేనా?" వల్లియమ్మాళ్ పుస్తకం అందుకుని అట్టమీది బొమ్మను మళ్లీ చూసింది. "ఇరవై రెండేండ్లు నా ఇంట్లో కాపురముండి, ఒక్క కతలో పెట్టలేదా?"

"పళని సామి దర్శనం వదులుకోని వస్తిని వదినా, నేనూ లేనా?" అంది కర్పగం.

"రాసేది వద్దంటిరే అత్తా?"

"ఎవరన్నారు? రాయి! వచ్చే పుస్తకంలో నేనుండాల. దయ్యమైనా సరే. పుడకలు మాత్రం రెండూ రాళ్లవి వేయించు."

లోకేశ్వరి పరుగున వెళ్లి బస్సెక్కింది. వాకిట్లో దురైసామి, ఇలాంటి పుస్తకాలు మొదటిసారి చదివితే సరిగా అర్థం కావని అందరికీ చెబుతున్నాడు.