కోమలరావుకి హాస్టల్ గది దొరికిన వైనం

ఒక పెద్ద అడవిలో విశ్వవిద్యాలయం వెలిసింది. ఎందుకు వెలిసిందని అడక్కండి. పక్క అడవిలో వెలిసింది కాబట్టి మనకీ ఉండాలన్నారు, అంతే. పాఠాలు చెప్పేవాళ్లు సగం మందే దొరికారు గాని హాస్టళ్లు మాత్రం చకచకా మూడు లేచాయి. చదువు ఎక్కడ కూర్చున్నా చదవచ్చు, పడుకోవడం అలా కాదు కదా.

ఆ ఏడు సీటు వచ్చినవాళ్లలో కోమలరావు ఒకడు. కోమలరావు ముళ్లపంది. ఒంటినిండా ముళ్లతో పుట్టిన బిడ్డకి ఆ పేరేమిటని నవ్వకండి, కన్నవాళ్ల కళ్లకి వాడు అలాగే కనిపించాడు. పైగా ఆ పేరు వాడి స్వభావానికి అచ్చంగా సరిపోయింది. ఎవడైనా వాడి కాలు తొక్కితే, క్షమించండి అని వాడే అనేవాడు.

వాళ్ల ఇల్లు వాగుకి అవతల. వానలు పడితే వాగు పొంగుతుంది, పొంగిందంటే మళ్లీ శీతాకాలం దాకా దాటే దారి లేదు. ఆలోగా హాస్టల్లో చోటు దొరికితే చదువు, దొరక్కపోతే ఇంటికి పోయి దుంపలు తవ్వుకోవడం. వాళ్ల వంశంలో దుంపలు తవ్వడం తప్ప ఇంకో పని చేసినవాడు లేడు. వీడికేమో మూలికల వైద్యం చదవాలని పిచ్చి కోరిక.

దిగబెట్టడానికి వచ్చిన తండ్రి గేటు దగ్గర ఒక్కటే చెప్పాడు. "నాన్నా, మనల్ని చూస్తే నలుగురూ జడుసుకుంటారు. ముళ్లు అణుచుకుని ఉండు. కాస్త సర్దుకుపో."

సరేనన్నాడు కోమలరావు. సరేననడం వాడికి వెన్నతో పెట్టిన విద్య.

గేటు లోపల సీనియర్లు గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. బస్టాండులో ఆటోవాళ్లని చూశారా, అలాగన్నమాట. కొత్త విద్యార్థి కనిపిస్తే చాలు, ఒకడు మూట లాక్కుంటాడు, ఇంకొకడు చెయ్యి లాక్కుంటాడు. ఇదంతా ప్రేమ అనుకునేరు. ఏ హాస్టల్లో ఎన్ని తలలుంటే అంత మేత సర్కారు నుంచి వస్తుంది, అదీ సంగతి.

ముందు కొమ్మల హాస్టల్ కోతులు వచ్చాయి. తమ దగ్గర గాలీ వెలుతురూ పుష్కలమనీ, కిటికీలు తియ్యనక్కర్లేదనీ, ఎందుకంటే గోడలే లేవనీ ఊదరగొట్టాయి. తనకి చెట్టెక్కడం రాదే అన్నాడు కోమలరావు. ఒకసారి కింద పడితే అదే వస్తుందన్నాయి. అంతలో ఒక కోతి వాడి వీపు చూసి పక్కవాడి చెవిలో ఏదో ఊదింది. ఇంకేముంది, గదులన్నీ నిన్ననే నిండిపోయిన విషయం ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చింది.

తరవాత మడుగు హాస్టల్. అక్కడ అన్నీ గేదెలే. స్నానం, పడక, భోజనం మూడూ ఒకే బురదలో జరుగుతాయని, ఎక్కడికీ లేచి వెళ్లే శ్రమ ఉండదని గర్వంగా చెప్పాయి. పాపం కోమలరావు దానికీ సిద్ధపడ్డాడు. మెడదాకా దిగి చూశాడు కూడా. పక్కన పడుకున్న గేదెకి పొట్టలో ఏదో గుచ్చుకుంది. అది ఒక్క కేక పెట్టి లేచేసరికి హాస్టల్ హాస్టలంతా ఒడ్డెక్కింది. వీణ్ణి మర్యాదగానే సాగనంపారు.

ఈలోగా ఆకాశం మబ్బు పట్టింది. కోమలరావు మూట నెత్తిన పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఇక దుంపలే గతి అనుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు ఎదురైంది వాగీశం. గుహ హాస్టల్ కార్యదర్శి, నక్క. ఎదురైంది అంటే మామూలుగా కాదు, వచ్చీ రావడంతోనే కోమలరావు కాలు తొక్కింది. కావాలనే తొక్కింది. కోమలరావు వెంటనే క్షమించండి అన్నాడు. వాగీశానికి కావలసింది ఇలాంటివాడే.

"తమ్ముడూ, నీలాంటివాడి కోసమే చూస్తున్నాను. మా హాస్టల్లో ముళ్లు, కొమ్ములు, కోరలు అన్న తేడాలే లేవు. నీకు ప్రత్యేకంగా గది రాశాను, రా," అంది.

ఈ నక్క ఎత్తు ఏమిటో ఇప్పుడే చెప్పేస్తాను, దాచుకుని నేనేం చేసుకుంటాను. మెత్తనివాణ్ణి చూసి హాస్టల్లో చేర్చుకోవడం. చేరాక ఊపిరాడకుండా చెయ్యడం. వాడు తనంతట తానే మూట కట్టుకుని పోతాడు. వాడు పోయినా వాడి పేరు ఉంటుంది, పేరు మీద మేత వస్తూనే ఉంటుంది. ఎవర్నీ వెళ్లమని అన్నట్టూ ఉండదు. ఆ హాస్టల్లో అప్పటికే ఇలా పేరు మాత్రమే మిగిలినవాళ్లు బోలెడుమంది.

ఆ ప్రత్యేకమైన గది గుహలో అన్నిటికంటే లోపల, చిట్టచివర. కోమలరావు తలుపు తీసేసరికి గదినిండా ఒక అడవిదున్న పడుకుని ఉంది. పేరు మహిపాల్. హాస్టల్లో అందరూ మహిపాలన్న అంటారు. ఆయన చదువు ఏనాడో అయిపోయింది. అయినా గది ఖాళీ చెయ్యలేదు, ఎందుకంటే గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు, అసలు పడుతుందో లేదో కూడా తెలియదు. అలాంటి పరీక్షకి ప్రిపేర్ అవడం ఎంత కష్టమో మనకేం తెలుసు.

మహిపాలన్న ఒక కన్ను తెరిచి మూల చూపించాడు. "జెర్ర సర్దుకో తమ్మీ. నోటిఫికేషన్ పడంగనే నేను పోతా."

కోమలరావు సర్దుకున్నాడు. ముళ్లన్నీ వీపుకి అంటించేసి మూలకి ఒదిగి పడుకున్నాడు. మొదటి వారం అలా గడిచింది.

తరవాత మహిపాలన్న బావమరిది వచ్చాడు. నిజానికి వాడు అడవిపంది, దున్నకి బావమరిది ఎలా అయ్యాడో ఎవరూ అడగలేదు. ఆ వెనక బావమరిది స్నేహితుడు ఒక దుమ్ములగొండి దిగాడు. వాడికి ఊళ్లో ఏదో గొడవ, అది చల్లారేదాకా ఇక్కడ ఉంటాడట. ఆ మీదట ఒక కొండముచ్చు వచ్చింది. అది ఎవరి తాలూకో కూడా తెలియదు. వచ్చిన ప్రతివాడూ కోమలరావు వైపు తిరిగి కాస్త సర్దుకోమన్నాడు, ప్రతిసారీ వీడు సర్దుకున్నాడు. పడుకునేవాడు కాస్తా కూర్చుని నిద్రపోవడం నేర్చుకున్నాడు. తరవాత నిలబడి. పుస్తకం చదవాలంటే గడప మీద, అదీ రాకపోకలకి అడ్డం లేకుండా.

ఆఖరికి వాడు వార్డెన్ దగ్గరికి వెళ్లాడు. వార్డెన్ జాంబయ్య ఎలుగుబంటి. వాగీశం పంపిన తేనెపట్టు ముందు పెట్టుకుని ఉన్నాడాయన. కోమలరావు చెప్పిందంతా చాలా శ్రద్ధగా విన్నాడు, మధ్యలో వేళ్లు మాత్రం నాక్కున్నాడు.

"చూడబ్బాయ్, పాఠాలన్నీ పుస్తకాల్లో ఉంటాయి. వాటి కోసం ఇంతదూరం రానక్కర్లేదు. హాస్టల్లో నేర్చుకోవలసింది ఒక్కటే, సర్దుకుపోవడం. మా రోజుల్లో ఒక్క గుహలో అడవంతా పడుకున్నాం తెలుసా," అన్నాడు.

ఆ మాటతో కోమలరావుకి ఆశ పోయింది. మూట కట్టుకున్నాడు. మూలికల పుస్తకం చేతిలోకి తీసుకుంటే మాత్రం నిజంగానే ఏడుపు వచ్చింది. ఏడవడానికి గదిలో చోటు లేక బయటికి వచ్చి ఏడ్చాడు. వాగీశం దగ్గరికొచ్చి వీపు నిమరబోయి, ముళ్లు చూసి, దూరం నుంచే ఓదార్చింది. వెళ్లాలనుకుంటే తాము ఎవర్నీ ఆపమని, పేరు మాత్రం గుర్తుగా ఇక్కడే ఉంచుకుంటామని చెప్పింది.

వాడు వెళ్లిపోయేవాడే. సరిగ్గా అప్పుడే ఒక చిలక ఎగురుకుంటూ వచ్చి, వైస్ ఛాన్సలర్ గారు హాస్టల్ తనిఖీకి బయల్దేరారని చెప్పింది.

వైస్ ఛాన్సలర్ అంటే ఏనుగు. ఆయన మంచివాడే, కాకపోతే ఏ పనీ త్వరగా చెయ్యడు, ఆయన బయల్దేరాడంటే అడవికి అది పెద్ద వార్త. గదికి ఇద్దరే ఉండాలన్నది ఆయన పెట్టిన నిబంధన. గుహ హాస్టల్లో ఏ గదిలో చూసినా బావమరుదులే.

వాగీశం బుర్ర చురుగ్గా పనిచేసింది. అన్ని గదుల్లోని అదనపు జనాన్నీ పోగేసి చిట్టచివరి గదిలోకి తోసింది. ఏనుగు అంత లోపలికి దూరలేదు కదా. బయట నిలబడి లోపల ఎవరని అడిగితే కోమలరావు జవాబు చెప్పాలి. అబద్ధమాడే మొహం కాదని చూస్తేనే తెలుస్తుంది గనక నమ్మేస్తారు.

"ఒక్క పూట తమ్ముడూ. 'నేనొక్కణ్ణేనండీ' అను, చాలు. తరవాత ఇంటికి పో," అంటూ వాణ్ణి కూడా లోపలికి తోసి తలుపు మూసింది.

లోపల ఏమని చెప్పను. దున్న మీద పంది, పంది మీద దుమ్ములగొండి, ఆ పైన కొండముచ్చులు, మధ్యలో ఎవరి తోకో ఎవరి నోట్లోనో. అందరికీ అడుగున, తలుపుకి అతుక్కుని కోమలరావు. ఊపిరి బిగబట్టి ముళ్లన్నీ అణుచుకుని ఉన్నాడు. వాడి ధ్యాసంతా ఎవరికీ గుచ్చుకోకూడదన్న దాని మీదే.

ఏనుగు అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. లోపల ఎవరని గంభీరంగా గొంతు వినిపించింది. కోమలరావు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి మహిపాలన్న కాలు చాపుకోబోతూ మెల్లగా అన్నాడు.

"జెర్ర సర్దుకో తమ్మీ."

కోమలరావు సర్దుకోబోయాడు. ఒట్టు, ప్రయత్నించాడు. కాని సర్దుకోవడానికి ఇంక వాడు మిగల్లేదు. అప్పుడు ముళ్లు లేచాయి. వాడు లేపలేదండీ. ముళ్లపందికి ఊపిరాడకపోతే ముళ్లు వాటంతట అవే లేస్తాయి, అది దాని చేతిలో లేదు. అడవిలో అందరి గుట్టూ తెలిసిన వాగీశానికి ఈ ఒక్క ముక్క తెలియదు. ఎలా తెలుస్తుంది, ముళ్లపందిని ఎవరూ ఇంతదాకా నొక్కి చూడలేదు.

తలుపు ఊడి వచ్చింది. ముందు మహిపాలన్న, వెనక బావమరిది, ఆ వెనక తక్కినవాళ్లు, ఒకళ్ల తరవాత ఒకళ్లు ఏనుగు కాళ్ల సందులోంచి గావుకేకలతో పారిపోయారు. ప్రతివాడి పిరుదుల మీదా ముళ్లు, అగరువత్తుల స్టాండులా. ఆ గది అంతమందిని కన్నదా అని ఏనుగు చెవులు ఆడించడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు.

వాళ్లంతా తమరి దర్శనానికి వచ్చిన అతిథులని వాగీశం అందుకుంది. దర్శనానికి వచ్చినవాళ్లు ఇలా వెనక్కి చూడకుండా పోరే అన్నాడు ఏనుగు. తరవాత కోమలరావుని దగ్గరికి పిలిచి, ఈ గదిలో రోజూ ఎంతమంది ఉంటారని అడిగాడు. వెనక నుంచి వాగీశం సైగలు, వార్డెన్ దగ్గులు.

కోమలరావుకి అబద్ధం రాదు, ఎదురు చెప్పడమూ రాదు. ఉన్నదే చెప్పాడు. "లెక్కపెట్టలేదండీ. పెట్టాలంటే తల తిప్పాలి. అంత చోటు లేదండీ."

ఏనుగుకి ఆ జవాబు చాలింది. అదనపు జనాన్ని ఆ సాయంత్రమే ఖాళీ చేయించాడు. వార్డెన్‌ని తేనె దొరకని గుట్ట మీదికి బదిలీ చేశాడు. వాగీశాన్ని కార్యదర్శి పదవి నుంచి పీకేసి, హాస్టళ్లలో అక్రమాల నివారణ కమిటీకి అధ్యక్షుణ్ణి చేశాడు. ఆ విషయాల్లో దానికున్నంత అనుభవం ఇంకెవరికుంది మరి.

ఆ రాత్రే వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. కోమలరావు కట్టిన మూట విప్పి, గది మధ్యలో కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు. చాలా రోజుల తరవాత పడుకోవడం కదా, మొదట్లో ఎలాగో మర్చిపోయాడు. పుస్తకం గుండెల మీదే పెట్టుకున్నాడు.

అది ఇద్దరి గది. రెండో చోటు కోసం ఒక్కడూ రాలేదు. కొన్నాళ్లకి దూదిరాజు అనే కుందేలు తడిసి ముద్దయి వచ్చి గుమ్మంలో నిలబడింది. వాడూ కొత్తవాడే. వెలుతురు బాగుందని కొమ్మల హాస్టల్లో చేరాడట. రోజూ సాయంత్రం కోతులు చెవులు పట్టుకుని పైకి లాగుతున్నాయట. ముళ్లు గుచ్చుకుంటాయా అని భయపడుతూ అడిగాడు.

"నెట్టకపోతే గుచ్చుకోవు," అన్నాడు కోమలరావు. ఉన్న నియమం అదొక్కటే. దూదిరాజుకి అది చాలా తేలిగ్గా అనిపించింది.

ఒకరోజు దూదిరాజు ఒక్కడే గదిలో ఉండగా మహిపాలన్న పరుపు చంకన పెట్టుకుని వచ్చాడు. ముళ్లవాడు లేడని చూసుకునే వచ్చాడు. నోటిఫికేషన్ వచ్చే నెల ఖాయంగా పడుతుందని, అప్పటిదాకా జెర్ర సర్దుకుంటే చాలని, కొమ్ములు వంచి ఎంతో ప్రేమగా చెప్పాడు.

దూదిరాజు అడవిలో అందరికంటే మెత్తనివాడు. వాడి మీసాలు వణికాయి. అయినా గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఉన్న కాసింత బొచ్చునీ నిక్కబొడిచాడు. "ఇది ఇద్దరి గది అన్నా," అన్నాడు.

మహిపాలన్న ఆ బొచ్చు వంక చూశాడు. చెయ్యి దానంతట అదే వెనక్కి పోయి తడుముకుంది. కోచింగ్ సెంటరుకి టైమవుతోందని గొణిగి, పరుపు సర్దుకుని వెళ్లిపోయాడు.

నీతి లేకపోతే మీరు ఊరుకోరు గనక చెప్తున్నా, రాసుకోండి: సర్దుకుపోయేవాడి గదిలో అందరికీ చోటుంటుంది, వాడికి తప్ప.