డోజర్‌గారి ఆర్నెల్ల చెకప్

మా ఆయనతో నాకున్న కష్టం ఒక్కటే. ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యరు!

తాగరు, పేకాడరు, పక్కింటివాళ్ళ గడ్డికోసే మిషన్‌ని తప్ప పరాయి సొత్తును కన్నెత్తి చూడరు. తప్పు మాత్రం చెయ్యరు. రెజైనా పట్నానికని బయల్దేరి ఓసారి దారి తప్పి అమెరికా సరిహద్దులో తేలాం. "ఈ గవర్నమెంటుకి బోర్డులు పెట్టడం చేతకాదు" అన్నారు. ఇలాంటి మనిషితో ముప్ఫయ్యేళ్ళ కాపురం అంటే ఏమిటో, పొరపాట్లు చేసే మొగుళ్ళున్న అదృష్టవంతురాళ్ళకి ఎలా తెలుస్తుంది?

అందుకే చెబుతున్నాను, వినండి. ఆడవాళ్ళకి ఈ కాలంలో దొరికిన గొప్ప వరం వాషింగ్ మిషన్ కాదు, ఓటు హక్కూ కాదు. ముసలి కుక్కలకి ఆర్నెల్లకోసారి చేయించే చెకప్!

నవ్వకండి. మీ కుక్కకీ వయసు మీదపడుతుంది.

మా డోజర్‌కి పదమూడో ఏడు. నల్ల లాబ్రడార్. మూతి మాత్రం పిండి డబ్బాలో పెట్టి తీసినట్టుంటుంది. "ఈ వయసులో ఏడాదికోసారి చాలదు, ఆర్నెల్లకోసారి తీసుకురండి" అన్నారు పశువుల డాక్టరమ్మ ఫ్రీసెన్‌గారు.

మా ఆయన లార్న్ మండిపడ్డారు.

"మా నాన్న పెంచిన కుక్కల్లో ఒక్కటైనా డాక్టర్ మొహం చూసిందా? అన్నీ హాయిగా ముసలితనంతో పోయాయి."

"ఎన్నేళ్ళకి?" అన్నాను.

"ఏడేళ్ళకి."

అయినా తీసుకెళ్ళాను. ఎన్ని లాభాలో చూడండి! ఇంట్లో మెట్టు ఎక్కలేక నావైపు దీనంగా చూసే డోజర్, క్లినిక్‌లో పిల్లి కనబడగానే గుర్రప్పిల్లలా గంతులేస్తాడు. ఏ టానిక్ ఇస్తుంది అంత బలం? బరువు చూసేటప్పుడు వాణ్ణి పట్టుకోవడానికి మా ఆయన కూడా మిషన్ మీద ఒక కాలు వేస్తారు. అంకె చూసి డాక్టరమ్మ, "మీ ఇద్దరిలో ఎవరో తియ్యటి డోనట్లు తింటున్నారు" అంటారు. ఇద్దరూ చెరోవైపూ మొహాలు తిప్పుకుంటారు. చెవుల పరీక్షకని ఆవిడ వెనకనుంచి చప్పట్లు కొట్టారు. కుక్క తిరగలేదు. మా ఆయనా తిరగలేదు!

అసలు వరం ఇంకోటుంది. శాంపిల్.

పొద్దున్నే కుక్క పోసే మొదటి ఒంటేలు పట్టి తెమ్మంటారు. మా డోజర్ మర్యాదస్తుడు. పక్కన ఎవరైనా వంగితే ఎత్తిన కాలు దించేసి, 'ఏం పని మీకిక్కడ?' అన్నట్టు చూస్తాడు. అందుకని మా ఆయన పాత హాకీ కర్ర చివర నా సూపు గరిటె పెట్టి టేపు చుట్టారు. మంచు పట్టిన పెరట్లో, పైజమా మీద కోటు, చేతిలో కర్ర, ముందు కుక్క. ఊళ్ళో హాకీ మ్యాచ్‌కి కూడా అంత ఉత్కంఠ ఉండదు. చివరికి "గోల్!" అని ఒక్క కేక పెట్టారు. పక్కింటి కిటికీలో లైటు వెలిగింది.

ఆ గరిటె ఇప్పుడు ఆయనకే ఇచ్చేశాను.

పట్టిందంతా, వెన్న బదులు వాడే మార్జరిన్ ఖాళీ డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. మార్జరిన్ డబ్బా పారేసే ఇల్లాలు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. మా ఫ్రిజ్‌లో అలాంటివి వరసగా ఉంటాయి. ఒకదాంట్లో బీట్‌రూట్, ఒకదాంట్లో పులుసు, ఒకదాంట్లో చర్చి విందుకి జెల్లీ చెయ్యడానికి తీసి ఉంచిన చిట్టి ఆపిళ్ళ రసం. వెతికితే ఏదో ఒకదాంట్లో మార్జరిన్ కూడా దొరుకుతుంది.

"పైన పేరు రాసి పెట్టండి" అన్నాను.

"ఇదిగో డోరీన్, ఏ డబ్బాలో ఏముందో నాకు తెలీదా?"

శుక్రవారం డబ్బా పట్టుకెళ్ళి క్లినిక్‌లో ఇచ్చారు. మధ్యాహ్నం ఫోన్.

"డోరీన్‌గారూ, ఇంత చక్కెర నేనెప్పుడూ చూళ్ళేదు. కుక్క లేచి తిరుగుతోందా అసలు? సోమవారం పొద్దున్నే తీసుకురండి, రక్తం చూడాలి" అన్నారు డాక్టరమ్మ.

మా ఆయనకి చెప్పాను. లార్న్ వంటింట్లో నేలమీద కూలబడి డోజర్ తల ఒళ్ళో పెట్టుకున్నారు. రోజూ ట్రక్కులో కాఫీకి వెళ్ళినప్పుడు తనకొకటి, వాడికి రెండు డోనట్లు కొంటున్నారట. ఆ సంగతి అప్పుడు బయటపడింది.

"వీడు లేకపోతే ట్రక్కులో నేనెవరితో మాట్లాడాలి?" అన్నారు.

నాతో మాట్లాడొచ్చని గుర్తుచేసే సమయం కాదది.

శనివారం జెల్లీ చేద్దామని ఆపిల్ రసం డబ్బా మూత తీశాను. తియ్యగానే మళ్ళీ పెట్టేశాను. ఏ ఆపిల్ చెట్టూ అలాంటి వాసనకి బాధ్యత వహించదు!

ముందు కుక్కని కావలించుకున్నాను. తర్వాత ఒక గ్లాసు తీశాను.

"నిన్నట్నుంచీ ఏమీ తినలేదు. కాస్త రసమైనా తాగండి" అని ఆయన ముందు పెట్టాను.

ఎత్తారు. ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. ఈలోగా డోజర్ వచ్చి గ్లాసు వాసన చూసి, తన సరుకు గుర్తుపట్టి, గర్వంగా తోకాడించాడు.

"ఇదేంటి?"

"ఏ డబ్బాలో ఏముందో మీకు తెలుసుగా!"

ఆయన మొహంలో సంతోషం, సిగ్గు, అనుమానం ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఇప్పుడంటారు, ఇప్పుడంటారని ఊపిరి బిగపట్టాను.

"డబ్బాలన్నీ ఒక్కలా చేస్తే మనిషేం చేస్తాడు? ఆ కంపెనీ వాళ్ళననాలి!"

సోమవారం అసలు శాంపిల్‌తో వెళ్ళాం. నేనే పట్టాను, గాజు సీసాలో. చక్కెర లేనే లేదు.

"మా ల్యాబ్ పిల్ల ఆరోజు, ఎంత కమ్మటి పళ్ళ వాసనో అంది. చక్కెర జబ్బు ముదిరితే అలాంటి వాసనే వస్తుంది, అదేననుకుని భయపడ్డాను" అని నవ్వారు డాక్టరమ్మ. నవ్వు ఆపి కాగితం తిప్పారు. "మూత్రపిండాలు మాత్రం కాస్త అలసిపోతున్నాయి. పైకి తెలీదు. ఇప్పుడే తిండి మారిస్తే ఇంకా చాలాకాలం ఉంటాడు. ఏడాది ఆగి వచ్చుంటే, నేను వేరే మాట చెప్పాల్సొచ్చేది."

మా ఆయన లేచారు. నావైపు తిరిగారు. ముప్ఫయ్యేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న మాట ఆయన పెదాల దాకా వచ్చింది. కళ్ళారా చూశాను! అక్కడ కాసేపు తచ్చాడి, నన్ను దాటుకుని, కిందికి దిగి కుక్క చెవి దగ్గరికి పోయింది.

"తప్పు నాదేరా" అని గొణిగారు.

అమ్మలారా, కుక్కల్ని పెంచండి. ముసలివయ్యేదాకా పెంచండి. ఆర్నెల్లకోసారి చెకప్‌కి తీసుకెళ్ళండి. కళ్ళకీ, కీళ్ళకీ, మూత్రపిండాలకీ మందులు వాడండి. చెవుడికి మాత్రం, మీకు పుణ్యముంటుంది, ఏ మందూ వెయ్యకండి!

ఎందుకంటే మా డోజర్‌కి వినబడలేదు. తల పక్కకి వంచి, 'ఏమన్నావు?' అన్నట్టు చూశాడు. పాపం, మా ఆయన ఊపిరి నిండా పీల్చుకుని, బయట కుక్కలతో పిల్లులతో కూర్చున్న ఊరందరికీ వినబడేలా అరవాల్సి వచ్చింది.

"తప్పు నాదేరా డోజర్! మీ అమ్మ చెప్పిందే రైటు!"