ఇంజిన్ నోరు మూయించాను

మా ఆవిడ మీద నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. నా కారు గోల పెడుతోందని అమ్మేస్తానంది. అదీ ఎవరికి? సందు చివర ఫొటో స్టూడియో వాడికి. వాడు దాన్ని నడపడు. స్టూడియో ముందు నిలబెట్టి, పెళ్ళి జంటల్ని బానెట్‌కి ఆనించి ఫొటోలు తీస్తాడట. నలభై రెండేళ్ళు పరుగెత్తిన కారుకి చివరికి పూలకుండీ ఉద్యోగం!

"పాత బండి అన్నాక ఆ మాత్రం శబ్దం ఉండదా?" అన్నాను.

"నాకూ నలభై రెండేళ్ళే. నేనలా అరుస్తున్నానా?"

ఈ ప్రశ్నకి జవాబు తెలిసిన మొగుడెవడూ పైకి చెప్పడు.

ఆవిడ బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. మాట కూడా కత్తెరతోనే మొదలుపెడుతుంది. "మా అక్క ఊరు వెళ్ళొస్తే రెండ్రోజులు నా చెవుల్లో మిషన్ తిరుగుతూనే ఉంటుంది. ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. ఈసారీ అదే గోలయితే, సోమవారం పొద్దున్నే ఫొటో ఆయన వచ్చి తాళాలు పట్టుకుపోతాడు. అంతే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరే, గోల లేకుండా చేసి చూపిద్దామని, కారు కడిగించుకొస్తానని అబద్ధం చెప్పి మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన్ని అందరూ గ్రీజు గురువు అంటారు. ఆయన గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజుతో ఇంకో బండి నడపొచ్చు.

"తప్పు ఇంజిన్‌ది కాదు సార్," అన్నాడు గురువు. "అప్పటి రోడ్లకి తగ్గట్టు పెట్టిన గేర్లివి. నాలుగో గేర్లో కూడా ఇంజిన్ నాలుగున్నర చుట్లు తిరిగితేగానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. తొంభైలో పోతుంటే నిమిషానికి మూడున్నర వేల చుట్లు. అరవక ఏం చేస్తుంది పాపం?"

"మరి మందేమిటి?"

"ఐదు గేర్ల డబ్బా తెప్పిస్తాను. పాత నాలుగూ ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ఐదోది పెద్ద రోడ్డుకి. మూడు వారాలు ఆగండి."

నాకున్నది మూడు రోజులు. అలమరలో వెనక ఇరుసు తాలూకు పళ్ళచక్రాల జత ఒకటి కనబడింది. వేరే బండిలోంచి ఊడదీసిందట. అది వేస్తే నాలుగున్నర కాస్తా మూడున్నర అవుతుంది.

"అది వద్దు సార్. ఇరుసులో మారిస్తే అన్ని గేర్లకీ మారుతుంది. ఒకటో గేరుకి కూడా బలం తగ్గిపోతుంది. ఎత్తు మీద ఆగితే కదలదు."

"నేను ఎత్తు మీద ఆపను."

"ఆపేది మీరు కాదు సార్, మీ ముందు బండి."

నా కారు గురించి నాకే పాఠాలా? ఒళ్ళు మండిపోయింది. కారులో చేతికందిన పుస్తకంలో, చుట్లు రెండువేల ఏడువందలకి దిగుతాయని లెక్క వేసుకుని మరీ "అదే బిగించు" అన్నాను. ఆ పుస్తకం మా ఆవిడ కొలతల పుస్తకమని రాత్రి భోజనాల దగ్గర తెలిసింది.

"ఇదేమిటి? మూడున్నర, తొంభై, రెండువేల ఏడువందలు? ఎవరి కొలతలండీ ఇవి? ఏ రాక్షసి కుట్టించుకుంటోంది?"

"ఎవరో పెద్ద మనిషిలే," అని మజ్జిగ తాగేశాను.

ఆదివారం బయల్దేరాం. ఊరు దాటకముందే రైలు పట్టాల మీది వంతెన. సరిగ్గా నడి ఎత్తులో ముందు లారీ ఆగింది. గురువు నోరు ఎంత పాడు నోరో చూడండి!

లారీ కదిలింది. నేను క్లచ్చి వదిలాను. కారు ఒక్క వణుకు వణికి చచ్చిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. జానెడు ముందుకి, మూరెడు వెనక్కి. కాలిన వాసన. వెనకాల బస్సువాడు హారన్ మీద పడి నిద్రపోయినట్టున్నాడు, ఆపడే! కండక్టరు దిగాడు. ఇద్దరు ప్రయాణికులు దిగారు. చివరికి మా ఆవిడ కూడా దిగింది. నలుగురూ తోస్తే కారు వంతెన ఎక్కింది.

ఆవిడ జుట్టు ఊడిపోయి, నల్లటి అరచేతులతో వచ్చి కూర్చుంది. "కడిగించానన్నారు. ఏం కడిగించారు, దాని ఒంట్లో బలమా?"

జరిగిందంతా చెప్పక తప్పలేదు.

"గురువు వద్దంటే విన్నారా? ఎవరి మాట విన్నారు గనక! మందపు గుడ్డ కుట్టేటప్పుడు మెల్లిగా తొక్కాలని నాకు తెలుసు. నన్నడిగినా చెప్పేదాన్ని."

"ఉండు, పెద్ద రోడ్డు రానీ," అన్నాను పళ్ళు నూరుతూ.

పెద్ద రోడ్డు వచ్చింది. తొంభై తాకించాను. ఆహా! ఇంజిన్ నోరు మూసుకుంది. చేతి గడియారం చప్పుడు వినబడుతోంది.

"విన్నావా?"

"ఏం వినాలి?"

"అదే మరి! ఏమీ లేదు!"

ఆవిడ నా వైపు తిరిగింది. "అయితే ఇప్పుడు నా మాటలు మీకు వినబడుతున్నాయన్నమాట."

"స్పష్టంగా."

"ఇదివరకు వినబడేవి కాదా?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. గెలిచిన గర్వం ఊరుకోనిస్తేగా! "ఒక్క ముక్క వినబడితే ఒట్టు! ఈ కారు పాతదిగా కొని పదకొండేళ్ళు. ఈ రోడ్డెక్కాక నీ పెదాలు కదిలితే చాలు, గంగిరెద్దులా తలూపుతూ వచ్చాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"షెడ్డు గురించి నేను చెప్పింది కూడా వినబడలేదా?"

"ఏ షెడ్డు?"

"మూడేళ్ళయింది. ఇదే రోడ్డు. కొట్టుగది చీకటిగా ఉంది, కళ్ళు లాగేస్తున్నాయి, సూదిలో దారం ఎక్కించడానికి వీధిలోకొచ్చి నిలబడుతున్నాను, మన కారు షెడ్డుకి మంచి వెలుతురుంది, నాకిచ్చెయ్యండి అని గొంతు చించుకుని అడిగాను. మీరు తలూపారు. రెండుసార్లు ఊపారు. నెలరోజులు ఎదురుచూశాను. మీరొక్క స్పానర్ కూడా కదపలేదు. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగను? ఇష్టం లేదు, పైకి చెప్పలేక తలూపారనుకున్నాను. మూడేళ్ళు అదే అనుకున్నాను."

ఆవిడ అరచేతుల మసి కొంగుకేసి రుద్దేసింది. కోపంతోనే. కానీ అంత కోపం వెనక అంత చీకటి గది ఉందని నాకు తెలీదు. కారు పోతే షెడ్డు ఖాళీ అవుతుందని ఫొటో వాణ్ణి పట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది. సిగ్గుతో తల దించుకుందామంటే స్టీరింగు చేతిలో ఉంది.

"షెడ్డు నీదే," అన్నాను. అలవాటుకొద్దీ తల కూడా ఊగింది.

"తలూపకండి! నోటితో చెప్పండి."

"నీదే. రేపే ఖాళీ చేస్తాను."

"ఇంకోసారి."

"షెడ్డు నీదే!" అని అరిచాను. పక్క లారీ డ్రైవరు తల తిప్పి చూశాడు.

"మరి కారు?" అన్నాను ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"ఉంటుంది. వీధిలో ఉంటుంది. ఫొటో ఆయనకి వద్దని చెబుతాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మీద ఎంత ప్రేమ!"

"ప్రేమా పాడా! ఇంట్లో మాట మొదలుపెడితే చాలు, షెడ్డులోకి పారిపోతారు. ఇందులో అయితే మూడు గంటలు ఎక్కడికీ పోలేరు. పదకొండేళ్ళ మాటలున్నాయి. మొదటి ఏడాది నుంచి చెప్పుకొస్తాను, వినండి."

ఇంకా నూట నలభై కిలోమీటర్లుంది. నా కాలు దానంతటదే యాక్సిలరేటర్ని గట్టిగా నొక్కబోయింది.

"తొంభై దేనికండీ, అరవైలో పోనివ్వండి," అంది. "మొదటి ఏడాదే బోలెడుంది."