ఎంసో నార్మల్

ఆ ఉదయం మరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. వదిన నడిపే పెంపుడు జంతువుల ఆసుపత్రి వెబ్‌సైటులో ఆనాటి సమాచారం పెట్టేయాలి, ఆ తరువాత తీరిగ్గా వెళ్లి జుట్టు కత్తిరించుకోవాలి. డీటీపీ సెంటరు మూతపడి అతను గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు వదినే పిలిచి ఈ పని అప్పగించింది. కరపత్రాలు కంపోజ్ చేసినవాడికి వెబ్‌సైటు ఒక లెక్కా అని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఆ నమ్మకం లేనిది అతనొక్కడికే.

వార్డులో ఉన్న జంతువుల పరిస్థితి వదిన రోజూ కంప్యూటరులో టైపు చేసి పంపుతుంది. అతను దాన్ని కాపీ చేసి పేజీలో అతికిస్తాడు. యజమానులు ఇంట్లో కూర్చుని చదువుకుని స్థిమితపడతారు. ఆ రోజూ అలాగే అతికించి, చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా ఫోను మోగింది. పిల్లిని చేర్పించిన రిటైర్డు లెక్కల మాస్టారు.

"బాబూ, మా పిల్లి ఎంసో నార్మల్ అని పెట్టారు. నార్మల్ అంటే సంతోషమే. ముందున్న ఎంసో ఏమిటి?"

అతను పేజీ తెరిచి చూశాడు. ప్రతి వాక్యం ముందూ అదే మాట, దాని చుట్టూ కోణాల గుర్తులు, సున్నాలు. అక్షరాల సైజు కోసం, వరుసల ఎడం కోసం టైపింగు సాఫ్ట్‌వేరు తనలో తాను రాసుకునే గుర్తులు కాపీతోపాటు అంటుకొచ్చి పైకి తేలాయి.

"అది కంప్యూటరు భాషండి. మీరు పట్టించుకోకండి."

"మా పిల్లి గురించి కంప్యూటరు భాషలో రాయడం దేనికి? నాతో చెప్పకూడని విషయమా?"

అబ్బే అన్నకొద్దీ మాస్టారి అనుమానం ముదిరింది. అతను ఫోను పెట్టేసి పనిలోకి దిగాడు. ముందు "ఎంసో" ఎక్కడుంటే అక్కడ తీసేయమని కంప్యూటరుకు చెప్పాడు. ఎంసోలు పోయాయి, వాటి వెనకున్న "నార్మల్"లు మిగిలాయి. వాటినీ తీసేయమన్నాడు. కంప్యూటరు చెప్పింది చెప్పినట్టు చేసింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఈసారి ఫోను బేకరీ యజమానిది. "ఏమయ్యా, మా కుక్క అరగక కదా చేరింది? తెల్లారేసరికి టెంపరేచర్, బీపీ, షుగర్ ఎలా వచ్చాయి?"

"రాలేదండి. వాటి పక్కనున్న నార్మల్ పోయింది."

"అదే అడుగుతున్నా. ఎందుకు పోయింది?"

"నేనే తీసేశానండి."

"నా కుక్క నార్మల్ తీసెయ్యడానికి నువ్వెవరివయ్యా? ఉండు, వస్తున్నా."

ఇంతలో వదిన వార్డులోంచి తల బయటపెట్టింది. "ఏమిటా ఫోన్లు? ఆ చెత్తంతా ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చుంటావా? మొత్తం ఒకేసారి ఊడ్చెయ్యి."

అతను వదిన రాసిందంతా మళ్లీ మొదటినుంచి తెచ్చి, ఫార్మాటింగు మొత్తం తొలగించే బటను నొక్కి అతికించాడు. పేజీ కడిగిన పలకలా వచ్చింది. పైవరుసల్లో నార్మల్‌లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. కింది దాకా చదివే ఓపిక లేక మంగలి షాపుకు వెళ్లిపోయాడు.

తలకు ఒక పక్క కత్తిరింపు అయ్యేసరికి ఫోను. వదిన గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆవిడ గొంతు నెమ్మదించిందంటే ఇంట్లో అందరికీ గుండె దడ.

"నేను దాచిన వాక్యాలు పేజీలో ఎందుకున్నాయి?"

"ఏ వాక్యాలు వదినా?"

"కనబడకుండా దాచడం నువ్వే నేర్పావుగా."

అతనికి అప్పుడు వెలిగింది. యజమానుల దగ్గర వదినది మెత్తటి నోరు. మనసులో మాట ముందు రాసుకుని, దాన్ని తెరమీద కనబడకుండా దాచేసి, పైన మర్యాదగా మరో మాట రాయడం ఆవిడ అలవాటు. ఆ దాచడం కూడా ఫార్మాటింగే.

సగం తలతో పరిగెడుతూ దారిలోనే చదివాడు. "పిల్లికి ఏ జబ్బూ లేదు. మాస్టారు రోజంతా దానికి లెక్కలు చెబుతున్నారు. కాస్త నిద్రపోదామని ఇక్కడికి వస్తోంది." దాని కింద, "కుక్క బాగానే ఉంది. బేకరీలో మిగిలినవన్నీ దీని పొట్టలోకే. యజమాని కూడా తన పొట్ట ఎక్కడైనా చూపించుకుంటే మంచిది."

అతను వెళ్లేసరికి ఇద్దరూ వదిన ఎదుట కూర్చుని ఉన్నారు. వదిన నేల చూపులు చూస్తోంది. ఉద్యోగం సరే, ఆసుపత్రే మూతపడేలా ఉందనిపించింది అతనికి.

మాస్టారే ముందు మాట్లాడారు. "నేను మరీ అంత విసిగిస్తున్నానా అమ్మా?"

"మీరు నొచ్చుకుంటారనే దాచానండి."

"రిటైరయ్యాక వినేవాళ్లు లేరమ్మా. అదొక్కటే లేచి వెళ్లిపోకుండా కూర్చునేది."

బేకరీ యజమాని తన పొట్టను ఒకసారి చూసుకుని గొంతు సవరించుకున్నాడు. "ఇదే ముక్క మా ఆవిడ ఎన్నాళ్లుగానో మొత్తుకుంటోంది. డాక్టరు రాసేసరికి దాన్ని ప్రింటు తీసి కౌంటరు మీద అంటించింది. రోజూ కుక్కని నడిపించు, నువ్వూ నడువు అంటోంది. ఒక్కణ్నే నడవాలంటే నాకు తోచదు. మాస్టారూ, మీరూ రాకూడదూ? ఏదో ఒకటి చెబుతూ ఉందురుగాని."

మాస్టారి మొహం వెలిగిపోయింది. వాళ్లిద్దరూ పిల్లినీ కుక్కనూ తీసుకుని కలిసి వెళ్లడం చూసినా, మరిదికి ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదు. వదిన మాత్రం చాలాసేపు ఆలోచించి, ఇక ఏదీ దాచనంది.

కొన్నాళ్లకు కుక్క సన్నబడింది, పిల్లి ఇంట్లోనే హాయిగా నిద్రపోతోంది. బేకరీ యజమాని మాత్రం ఒకరోజు మాస్టారి కంటపడకుండా దొడ్డిదారిన వచ్చి, తనను ఓ రెండు రోజులు వార్డులో చేర్చుకోవడం వీలవుతుందా అని వదినను అడిగాడు.